బస్సు ఉన్నది, బాట ఏదీ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనుకూలమైన నగరాలను గురించి ఒక మార్గదర్శక గ్రంథాన్ని ప్రకటించింది. మన మారిషస్ తెలుగువారికి కూడా అది చదవదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మేము పట్టణ నిర్మాణ శాస్త్రం చదివినవారము కాము, బడిపంతుళ్ళము. తెలుగును సైతం సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నవారమే.

ముందుగా గ్రంథంలోని మంచిని చెప్పాలి. 22 దేశాలలోని 33 నగరాలలో 60 ఏండ్లు దాటినవారినే పిలిచి, మీకేది కష్టం, ఏది సుఖం అని అడిగి వ్రాసిన పుస్తకమిది. ఆరుబయలు, రాకపోకలు, గృహవసతి, సంఘజీవనం, గౌరవం, పౌరజీవనం, సమాచారం, ఆరోగ్య సేవలు అని విషయాన్ని ఎనిమిది భాగాలు చేశారు. ముసలివారికి అనువైన వీధి పసిబిడ్డ తల్లికీ అనువైనదే అన్నది ఇందులోని సారం. పెద్దలు కూర్చున్న తరువాతే డ్రైవరు బస్సు కదపాలన్నంత చిన్న సంగతిని కూడా విడువలేదు. అందుకు మెచ్చుకోవాలి.

లోపం ఎక్కడున్నదంటే, ఎనిమిదింటినీ పక్కపక్కన పేర్చారు గాని, ఒకటి తప్పితే తక్కినవి ఏమవుతాయో గట్టిగా చెప్పలేదు. దీనికి మన ద్వీపమే సాక్ష్యం. ఆ గ్రంథానికి రెండేండ్ల ముందే, 2005లో, ఇక్కడ వృద్ధులకూ విద్యార్థులకూ బస్సు ప్రయాణం ఉచితమైనది. 1956లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయిన దేశంలో 2020 నాటికి పోర్ట్ లూయీ నుండి రోజ్ హిల్ దాకా, 2022 నాటికి క్యూర్‌పిప్ దాకా మెట్రో నడిచింది. ఇవి గొప్ప పనులే. అయితే ఇంటి గుమ్మం నుండి బస్సు స్టాపుదాకా పోవడమెట్లు? చాలా ఊళ్ళలో ఒక పక్క లోతైన కాలువ, మరొక పక్క దూసుకుపోయే కారు. నడుమ నడిచేవానికి చోటు లేదు.

మా తరగతికి ఒక అవ్వ వచ్చేది. పిల్లలకు అక్షరాలు మేము నేర్పితే, రామభజన పాటలు ఆమె నేర్పేది. ఒక వాన సాయంత్రం కాలువ అంచున జారి పడింది. ఎముక విరగలేదు గాని ధైర్యం చెదిరింది. మరల రాలేదు. ఉచిత ప్రయాణపు కార్డు ఆమె సంచిలోనే ఉండిపోయింది. పిల్లల పాట రెండవ చరణం దగ్గర ఆగిపోయింది. మనమే వెళ్ళి ఆమెను చేయి పట్టి తీసుకురావచ్చునని మాకు తోచేసరికి రెండు నెలలు గడిచాయి. ఆ తప్పు మాది.

పెద్దలు సంఘానికి సంపద అని గ్రంథం అంటుంది. నిజమే. కాని ఆ సంపద చేతులు మారే చోటు ఏది? ఇండ్లలో క్రియోల్ మాట్లాడుకునే మనకు ఈ ప్రశ్న చిన్నది కాదు. అవ్వ బయటికి రాలేకపోతే పోయేది ఆమె కాలక్షేపం ఒక్కటే కాదు, పిల్లల భాష కూడా. ఎనిమిది భాగాలలో దీనికి ప్రత్యేకించి ఒక భాగం లేదు.

చెరకు తోటల కాంపులే మేలని మేము అనము. ఆ ఇరుకూ ఆ చాకిరీ ఎవరికీ వద్దు. కాని అక్కడ అవ్వ గుమ్మానికీ మనుమని గుమ్మానికీ నడుమ పది అడుగులే. నేటి పట్టణం ఆ పది అడుగులను తిరిగి ఇవ్వగలదా అన్నదే అసలు పరీక్ష.

ప్రణాళికలు వేసేవారు మెట్రో పొడవుతోపాటు, ఒక ముసలమ్మ చీకటి పడ్డాక నిర్భయంగా ఎంత దూరం నడవగలదో కూడా కొలవాలి. మనమూ ఊరకుండరాదు. మన సంఘ మందిరాల మెట్లకు పట్టుకునేందుకు కడ్డీ ఉన్నదా? ఈ ఆదివారం పోయి చూడండి.