హస్తవాసి లెక్క

ఆనందపురం పూల మార్కెట్లో మొన్న చామంతులు బేరమాడుతుంటే, బుట్ట దించిన మనిషి నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. తోడికోడలికి పెద్దపేగులో గడ్డట. వచ్చే వారమే ఆపరేషనట. "అమ్మా, మీరు ఆసుపత్రిలో పనిచేసినోరు కదా. ఆ డాక్టరుబాబు హస్తవాసి మంచిదేనా, సెప్పండి" అంది. జబ్బు ఎంతవరకు పాకింది, కీమో ఉంటుందా అని నేనడిగితే, "అయ్యన్నీ మా మరిది సూసుకుంటన్నాడు" అంది. జబ్బుమనిషికి క్యాన్సరని చెప్పారా అంటే తల అడ్డంగా ఊపింది. పేగులో పుండని చెప్పారట.

హస్తవాసి మాటెత్తితే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉద్యోగమంతా థియేటర్ నర్సుగా గడిపినదాన్ని. పొట్ట మూసేముందు రక్తం అద్దే మాపులు, సూదులు, ఫోర్సెప్సులు లెక్కపెట్టి "కౌంట్ సరిపోయింది సార్" అని నర్సు అంటేగానీ కుట్టు పడదు. మత్తు డాక్టరు గంటల తరబడి రోగి తల దగ్గర్నుంచి కదలడు. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి, పేరు రాసి, పాథాలజీకి పంపేది మరొకరు. రోగి లేచి ఇంటికెళ్తే మాత్రం పేరంతా ఒక్క చేతికే. ఆపిల్ పళ్ల బుట్ట కూడా ఆ ఒక్క గదికే వెళ్తుంది.

ఇదంతా ఆమెకు వివరించబోతుంటే పాత కేసొకటి గుర్తొచ్చింది.

సీటీ స్కాన్ అంటే అందని పండుగా ఉన్న రోజులు. మా పెద్ద సర్జన్ గారి హస్తవాసి కోసం శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా జనం బస్సులెక్కి వచ్చేవారు. కడుపులో క్యాన్సర్‌తో ఒక రైతును తీసుకొచ్చారు. పొట్ట తెరిస్తే లోపలి పొర నిండా సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి గింజలు. కాలేయం మీదా అవే. నేను ఫోర్సెప్స్ అందించాను, ఆయన చెయ్యి చాచలేదు. కాసేపు చూసి, ఒక గింజ మాత్రం బయాప్సీకి తీసి, "క్లోజ్ చేద్దాం" అన్నారు. గంటల పనికి సర్దిన టేబుల్‌ని ఇట్టే ఎత్తేశాం.

వరండాలో ఆ ఇంటివాళ్లు ఆయన మీద పడ్డారు. "కోసి, ఏమీ తియ్యకుండా కుట్టేస్తారా?" అని. కడుపు తీసేసినా ఆ గింజలు అక్కడే ఉంటాయి, మిగిలిన కాలం కాస్తా కుట్లు మానడానికే పోతుందని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఎవరూ వినలేదు. కొన్నాళ్లకు ఆ మనిషి పోయాడు. "కత్తి తగిలింది, గాలి సోకింది, లోపలంతా పాకేసింది" అన్న మాట ఊళ్లో నిలిచిపోయింది.

ఆ మాట ఉత్తరాంధ్రలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఎలా పుట్టిందో నా కళ్లతో చూశాను కాబట్టి నాకు నవ్వు రాదు. ముదిరాక వచ్చేవారు, తెరిస్తేగానీ తెలిసేది కాదు, తెరిచిన కొద్ది రోజులకే పోయేవారు. చూసేవాళ్లు రెండూ ముడిపెట్టుకున్నారు. ఇప్పుడు స్కాన్లున్నాయి, కడుపు క్యాన్సర్‌లో అయితే పెద్ద కోతకు ముందు చాలాసార్లు చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి చూస్తారు. ఆ భయంలో నిజం కొన్నిచోట్ల ఉంది. అండాశయం వాటిలో ఒకటి. అండాశయంలో గడ్డ క్యాన్సరేమో, ఇంకా బయటికి పాకలేదేమో అనిపిస్తే దానికి సూది గుచ్చరు, పగలకుండా మొత్తంగా తీయాలని చూస్తారు. పగిలితే లోపలి ద్రవం చింది స్టేజి మారుతుంది. దాన్ని పట్టుకుని మిగతా బయాప్సీలన్నిటికీ భయపడి పారిపోవడం దండగ.

ఆ రోజు ఆయన చాచని చెయ్యి గురించి చాలాకాలం ఆలోచించాను. ఎక్కడ ఆగాలో తెలియడం ఒక్క కేసుతో వచ్చేది కాదు. అలాంటి పొట్టలు ఎన్ని చూస్తే వచ్చిందో!

అమెరికాలో సర్జన్ జాన్ బర్క్‌మేయర్ బృందం ఈ అనుభవం తెచ్చే తేడానే అంకెల్లో పెట్టి 2002లో ప్రచురించింది. క్లోమాన్ని కోసే ఆపరేషన్లలో, వాటిని అరుదుగా చేసే ఆసుపత్రుల్లో నూటికి 16.3 మంది చనిపోతే, బాగా ఎక్కువగా చేసేచోట 3.8 మంది. పెద్దపేగు దగ్గర ఆ తేడా 2 శాతం కూడా లేదు. అంటే పూలమ్మే ఆమె తోడికోడలు మరీ కంగారు పడక్కర్లేదు. క్లోమం, అన్నవాహిక అయితే మాత్రం బస్సెక్కాల్సిందే. లోపల కుట్టు లీకవడం, చీము పట్టడం పెద్ద ఆసుపత్రుల్లోనూ ఉంటాయి. అర్ధరాత్రి నాడి పెరిగితే అది లీకేమోనని అనుమానించే నర్సు, వెంటనే వచ్చే డాక్టరు, ఖాళీగా ఐసీయూ పడక ఉన్నచోట మనిషి దక్కుతాడు. బస్సులెక్కి వచ్చిన ఆ జనం వెతుక్కున్నది దీన్నేనేమో. కాబట్టి హస్తవాసి ఉంది. అలా అంటున్నది నేనేనని పాత పాఠకులు నవ్వుకోవచ్చు.

అందుకే ఆమెకు అడగాల్సినవి చెప్పాను. ఈ ఆపరేషన్ ఇక్కడ ఏటా ఎన్ని చేస్తారు? రాత్రిపూట తేడా వస్తే ఎవరు చూస్తారు? సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కూర్చుని ఈ కేసు మాట్లాడుకున్నారా? పొట్ట మీద మలం సంచి పెట్టాల్సి వస్తుందా, కొన్నాళ్లకా, ఎప్పటికీనా? పెట్టేటట్టయితే ముందురోజే తోడికోడలిని కూర్చోబెట్టి, నిలబెట్టి, చీర కుచ్చిళ్లు దోపే చోటు తప్పించి గుర్తు పెట్టమనండి. ఇదంతా జరగాలంటే ముందు ఆమెకు జబ్బు పేరు తెలియాలి. పుండనుకుని సంతకం పెట్టిన మనిషి పొట్ట మీద సంచితో లేస్తే ఇంట్లో ఎవరి మాటా మళ్లీ నమ్మదు. రెండో అభిప్రాయం కావాలంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. ఆనందపురం నుంచి బైపాస్ మీద వెళ్తే నగరంలోకి దిగక్కర్లేదు.

ఆపరేషన్‌కు ముందు చుట్ట మానాలి, మన వైపు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగతో సహా. నెల ముందే మానితే మేలు. వారమే ఉందంటే ఇవాళే. ఇక నా పాత గొడవ, పథ్యం. వంకాయతో కుట్లు చీము పట్టవు. పేగు కోసినవాళ్లకు మొదట్లో మెత్తటివి పెట్టమంటారు, అంతే. గుడ్డు, పప్పు, పెరుగు మానిపించి చారన్నంతో బక్కచిక్కిస్తే కుట్టు దేంతో మానుతుంది?

"ఆపరేషన్ సక్సెస్" అనగానే స్వీట్లు పంచకండి. 1881లో వియన్నాలో సర్జన్ బిల్‌రోత్ 43 ఏళ్ల స్త్రీకి క్యాన్సర్ ఉన్న కడుపు భాగం తీసి, మిగిలినదాన్ని పేగుతో కలిపాడు. ఆ ఆపరేషన్ నుంచి తేరుకున్న మొదటి మనిషి ఆమే. నాలుగు నెలలకు అదే జబ్బుతో పోయింది. పాథాలజీ రిపోర్టు వచ్చేదాకా ఆగాలి. కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, లింఫు గ్రంథులు ఎన్ని చూశారు, ఎన్నింట్లో దొరికింది అన్నవి అందులో ఉంటాయి. పెద్దపేగుకు కనీసం 12 చూడాలంటారు. కీమో సంగతి దాన్నిబట్టే తేలుతుంది.

"ఎన్ని చేశారని అడిగితే బాబుకు కోపం రాదా అమ్మా?" అంది పూలమ్మే ఆమె. కొందరికి వస్తుంది. మా పెద్ద సర్జన్ గారిని ఒకసారి ఎవరో అడిగితే, ఎన్ని చేశారో చెప్పి, వాటిలో చెడిపోయినవి ఎన్నో అడక్కుండానే చెప్పారు.