మాటలతో గీయు చిన్న బొమ్మలు : టిక్‌జెడ్‌లోని 'పిక్' పద్ధతి

భౌతికశాస్త్ర గ్రంథములో కాంతి ప్రకరణమును తెరచినచో కొవ్వొత్తులు వరుసగా కనబడును. కుంభాకార కటకమునకు ఎడమప్రక్క ఒక కొవ్వొత్తి, కుడిప్రక్క దాని ప్రతిబింబము. వస్తువు దూరమును బట్టి ప్రతిబింబము పరిమాణము మారును గనుక ఈ ఒక్క విషయమునకే అయిదారు పటములు, పది పండ్రెండు కొవ్వొత్తులు కావలసివచ్చును. వీనిని విడివిడిగా గీయుటలో శ్రమ ఉన్నది. శ్రమకంటె పెద్దది తప్పు. జ్వాల కొననుండి బయలుదేరిన రెండు కిరణములు ప్రతిబింబమునందలి జ్వాల కొనవద్దనే కలిసికొనవలెను. అక్కడ రవంత తప్పినను పటము అబద్ధమాడును. ఆ పటమును చూచి నేర్చుకొను బాలుడు కిరణములు ఎక్కడ కలిసిననేమి అనుకొనును.

కంప్యూటరుపై పుస్తకములను కూర్చుటకు డొనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన 'టెక్' అను సాధనమును గణితశాస్త్రజ్ఞులు, భౌతికశాస్త్రజ్ఞులు నేటికిని వాడుచున్నారు. అందులో పుటను చేతితో అమర్చరు. ఎట్లుండవలెనో మాటలలో వ్రాయుదురు. బొమ్మలను కూడ అట్లే వ్రాయుటకు టిల్ టాంటౌ అను జర్మను శాస్త్రజ్ఞుడు తన పరిశోధన వ్యాసమునకై మొదలిడిన చిన్న సాధనమే పెరిగి 'టిక్‌జెడ్' అయినది. 'టిక్‌జెడ్ చిత్రములు గీయు కార్యక్రమము కాదు' అను జర్మను వాక్యములోని మొదటి అక్షరములే ఆ పేరు. ఇందులో తెరపై గీతలు లాగుట ఉండదు. ఈ బిందువునుండి ఆ బిందువునకు గీత, ఇక్కడ వృత్తము, అక్కడ అక్షరము అని నిరూపకములతో చెప్పవలెను. 2013 డిసెంబరులో వచ్చిన దీని మూడవ రూపములో 'పిక్' అను సదుపాయము చేరినది. ఒక చిన్న బొమ్మను ఒకమారు నిర్వచించి, దానికొక పేరు పెట్టి, కావలసినచోట్లనెల్ల ఆ పేరుతో పిలుచుటయే పిక్.

ఈ తలంపు క్రొత్తది కాదు. 1963లో ఐవాన్ సదర్లాండ్ మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు సమర్పించిన 'స్కెచ్‌ప్యాడ్' పరిశోధనలోనే మూలచిత్రము, దాని ప్రతులు అను భేదమున్నది. మూలమును సవరించినచో ప్రతులన్నియు వాటంతట అవే మారెడివి. తరువాత వచ్చిన ప్రతి చిత్రభాషయు ఈ గుణమును ఏదో ఒక రూపమున తెచ్చుకొన్నది. కావున పిక్ విషయమున అడుగవలసిన ప్రశ్న పునరుపయోగము ఉన్నదా అని కాదు. బొమ్మను మరల పిలిచినప్పుడు దానితోపాటు ఏది వచ్చును, ఏది రాదు అనునది అసలు ప్రశ్న.

కొవ్వొత్తినే తీసికొందము. దాని అడుగు మూలబిందువు వద్ద ఉన్నట్లు భావించి, జ్వాల కొనవరకు రెండు సెంటీమీటర్ల ఎత్తున పిక్‌ను నిర్వచింపవలెను. కటక నాభ్యంతరము రెండు సెంటీమీటర్లు, వస్తు దూరము ఆరు సెంటీమీటర్లు అనుకొందము. అప్పుడు ప్రతిబింబము మూడు సెంటీమీటర్ల దూరమున, సగము పరిమాణమున, తలక్రిందులుగా ఏర్పడును. టిక్‌జెడ్‌లో మొదటి కొవ్వొత్తిని కటకమునకు ఎడమప్రక్క ఆరు సెంటీమీటర్ల దూరమున పిలిచి, రెండవదానిని కుడిప్రక్క మూడు సెంటీమీటర్ల దూరమున సగమునకు కుదించి, నిలువుగా తిరుగవేయుమన్న చాలును. రెండవ కొవ్వొత్తిని మరల గీయనక్కరలేదు.

ఇచ్చట ఉపాధ్యాయులు ఒక సంగతి గమనింపవలెను. తలక్రిందులు చేయుటకు బొమ్మను 180 డిగ్రీలు త్రిప్పవచ్చును, లేక నిలువుగా మాత్రము తిరుగవేయవచ్చును. వట్టి కొవ్వొత్తికి ఈ భేదము తెలియదు. దానిని పిడిగల దీపస్తంభములో నిలిపి, పిడిని కటకమువైపు ఉంచినచో భేదము బయటపడును. వస్తువు కుడివైపు జరిగినచో నిజప్రతిబింబము కూడ కుడివైపే జరుగును గనుక ప్రతిబింబములోను పిడి కుడివైపే ఉండవలెను. 180 డిగ్రీలు త్రిప్పినచో అది ఎడమకు పోవును. పిక్ రెండింటికిని ఒప్పుకొనును; భౌతికశాస్త్రము ఒకదానికే ఒప్పుకొనును. సాధనము సరియైనదైనంతమాత్రమున పటము సరియగునని నమ్మరాదు.

పిక్‌లో మెచ్చుకొనదగిన గుణము కిరణములవద్ద తెలియును. 2013కు పూర్వము కూడ టిక్‌జెడ్ వాడువారు బొమ్మ ఆజ్ఞలన్నిటిని ఒక క్రొత్త ఆజ్ఞగా మూటకట్టి ఇష్టమైనచోట విప్పెడివారు. అందులో ఒక లోపముండెడిది. లోపలి బిందువునకు 'కొన' అని పేరు పెట్టినచో, మూటను రెండవమారు విప్పగానే ఆ పేరు రెండవ కొవ్వొత్తికి పోయి, మొదటిదాని కొన పేరులేనిదై మిగిలెడిది. పిక్ పద్ధతిలో ప్రతిని పిలుచునప్పుడు దానికొక పేరీయవచ్చును. లోపలి బిందువుల పేర్లు తగిన రీతిని వ్రాసియుంచినచో, ఆ ప్రతి పేరు వాటికి ముందు చేరును. మొదటిదానిని 'వస్తువు' అనియు, రెండవదానిని 'బింబము' అనియు పిలిచినచో 'వస్తువు-కొన', 'బింబము-కొన' అను రెండు వేరు బిందువులు చేతికి వచ్చును. ఇక కిరణమును మొదటిదానినుండి కటకము మీదుగా రెండవదానికి గీయుమన్న చాలును. కొవ్వొత్తి ఎత్తును తరువాత మార్చినను కిరణపు చివరలు కొనలను విడువవు. ఒకమారు గీసిన బొమ్మ అచ్చుముద్రవలె పడుట వేరు, తన అవయవముల పేర్లతో సహా పుట్టుట వేరు. జాన్ హాబీ రచించిన 'మెటాపోస్ట్' భాషలో బొమ్మను చలరాశిగా దాచి, కుదించి, జరిపి మరల వేయు సొగసైన ఏర్పాటున్నది గాని, ఆ దాచిన బొమ్మ తన లోపలి బిందువుల పేర్లను మోసికొనిరాదు. వాటిని వేరుగా లెక్కించుకొనవలెను.

టిక్‌జెడ్ వివరణ గ్రంథము వేయి పుటలకు మించినది. అందులో పిక్‌కు ఉదాహరణగా రెండు వంపుగీతలతో ఒక సముద్రపక్షిని చూపినారు. చూచుటకు ముద్దుగా ఉండును. కాని పక్షికి ఎవరును కిరణము తగిలింపరు. ఆ ఒక్క పక్షినే చూచి ఊరకున్నవానికి పిక్ అనగా రబ్బరుముద్ర అనియే తోచును. పాఠశాలకు కటకపటమువంటి ఉదాహరణమే తగినది.

ఇక లోపములు. టిక్‌జెడ్‌లో అక్షరములనుంచు 'నోడ్' అను పెట్టెకు చుట్టును హద్దులు, దిక్కుల పేర్లు స్వతస్సిద్ధముగా నుండును. గీత దాని అంచువద్ద తనంతట ఆగును. పిక్‌కు అట్టి హద్దు లేదు. 'కొవ్వొత్తికి కుడిప్రక్కన' అన్నచో దానికి అర్థము కాదు. నిర్మించినవాడు పేరు పెట్టిన బిందువులే దిక్కు. స్వంత ఆకారముతో నోడ్‌ను నిర్మింపవచ్చును గాని అందులకు అడుగుపొరలోని కఠినమైన భాష నేర్వవలెను. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునకు అంత తీరిక యుండదు. ఈ రెండింటి నడుమ మెట్టు ఒకటి ఉండవలసినది, లేదు.

రెండవది రంగుల సంగతి. పిక్‌ను పిలుచునప్పుడు 'గీయుము, నింపుము' అని ఆజ్ఞాపించినను లోపలి గీతలు వాటంతట అవి విధేయములు కావు. బయటి ఆజ్ఞను ఏ గీత పాటింపవలెనో నిర్వచనములోనే గుర్తుపెట్టవలెను. మైనమునకు రంగు పూయించి వత్తిని విడిచిపెట్టుటకు ఇది మేలే. అయినను తెలియక మొదటిసారి వాడువాడు ఆజ్ఞ మ్రింగుడుపడినదని తికమకపడును.

కుదింపు విషయములో తీర్పు చెప్పుట అంత సులభము కాదు. ప్రతిబింబమును సగమునకు కుదించినప్పుడు గీత మందము సగము కాదు, యథాతథముగా నుండును. లోపల వ్రాసిన అక్షరమును చిన్నది కాదు, తలక్రిందులును కాదు. దాని స్థానము మాత్రము మారును. అక్షరము కూడ మారవలెనన్నచో ప్రత్యేకముగా కోరవలెను. 2001లో ప్రమాణముగా వెలువడిన 'ఎస్వీజీ' చిత్రభాషలో ఇందుకు భిన్నముగా, తిరుగవేసిన ప్రతిలోని అక్షరములు కూడ తిరుగబడి చదువరానివగును. పాఠ్యపటములకు టిక్‌జెడ్ మార్గమే మేలు. తలక్రిందులైన కొవ్వొత్తి ప్రక్కన 'క' అను అక్షరము నిటారుగనే యుండవలెను గదా! ఆ 'క'ను తెలుగు లిపిలో వ్రాయుటకును ఆటంకము లేదు. బొమ్మలోని అక్షరములను టెక్కే కూర్చును గనుక, 'జీటెక్' వంటి రూపముతో పాఠములోని అక్షరములే పటములోను వచ్చును. కాని గీత మందము తగ్గకపోవుటచే మిక్కిలి కుదించిన కొవ్వొత్తిలో వత్తి లావై, జ్వాల ముద్దగా కనబడును. అట్టిచోట మందమును చేతితో తగ్గింపక తప్పదు.

మరియొకటి. పిక్ అనగా దాచిన బొమ్మ కాదు, దాచిన ఆజ్ఞలు. పిలిచిన ప్రతిమారు అవి మొదటినుండి మరల అమలగును. పది కొవ్వొత్తులకు ఇది లెక్కలోనిది కాదు. వేలకొలది అణువులతో స్ఫటికమును గీసినచో పుట తయారగుటకు ఆలస్యము తెలియును. నిర్వచనములో తప్పు దొరలినను నిర్వచించునప్పుడు సాధారణముగా బయటపడదు, పిలిచినప్పుడు బయటపడును. కంప్యూటరు చూపు పంక్తి సంఖ్యయు పిలిచిన చోటిదే. తప్పు మరియొక పుటలో నుండగా విద్యార్థి పిలిచిన పంక్తినే తిరుగవ్రాయుచు కూర్చుండును. ఇందుకు సులువైన ఉపాయము, పిక్‌ను నిర్వచించిన వెంటనే దాని క్రిందనే ఒకమారు పిలిచి చూచుకొనుట.

కొవ్వొత్తి ఎత్తువంటి కొలతను ఒకదానిని పిలుపుతోపాటు అందించుటకు చిన్న నిర్వచనమే చాలును. ఎత్తు, లావు రెండును అందింపదలచినచో మరికొంత పొడవైన రూపము వ్రాయవలెను. ఇట్టి నిర్వచనములను, అనగా కొవ్వొత్తి, కటకము, విద్యుద్ఘటము, కప్పీ, శంఖు కూజాలను, ఒక ప్రత్యేకమైన ఫైలులో నుంచినచో ప్రశ్నపత్రమునకు, పాఠమునకు, ప్రయోగశాల పుస్తకమునకు అదియే పనికివచ్చును. ఆ ఫైలులో ఒక్కొక్క పిక్ పైన దాని బిందువుల పేర్లు తెలుగులో వ్రాసియుంచుట మంచిది. రెండవ ఉపాధ్యాయుడు దానిని తీసికొన్నప్పుడు జ్వాల కొనకు పెట్టిన పేరేదో వెదకుకొననక్కరలేదు.