ఒక మూలం, పది మాటలు: నార్మన్ లూయిస్ పనితనం

ఢిల్లీలో కరోల్ బాగ్ మెట్రో దిగి ఓల్డ్ రాజేంద్ర నగర్ వైపు నడిస్తే, పోటీ పరీక్షల పుస్తకాల మధ్య నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ కనిపిస్తుంది. 1949లో అమెరికాలో వెలువడిన పుస్తకమిది. సివిల్స్ కోసం మన రెండు రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ గదులు తీసుకునే తెలుగు మీడియం పిల్లలకు ఇవాళ్టికీ అక్కరకొస్తోంది. మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు 300 మార్కులకు ఉంటుంది. అందులో 25 శాతం రాకపోతే ర్యాంకుకు లెక్కేసే పేపర్లను దిద్దనే దిద్దరు.

ఈ పుస్తకంలోని నేర్పంతా వరుసలోనే ఉంది. మొదటి పాఠంలో లూయిస్ ముందుగా మాట చెప్పడు, మనిషిని చూపిస్తాడు. తన లాభం తప్ప మరేదీ పట్టనివాడు, ఎదుటివాడి మేలు కోరేవాడు, మనుషులంటేనే గిట్టనివాడు... ఇలా పదిమంది. వీళ్లనేమంటారో తెలుసుకోవాలని మనకే అనిపించాక ఈగోయిస్ట్, ఆల్ట్రూయిస్ట్, మిసాంత్రోప్ అని పేర్లు చెబుతాడు. కావాలనుకున్నప్పుడు దొరికిన మాట కాబట్టి మనసులో నిలుస్తుంది.

ఆ తర్వాత మాటను విప్పుతాడు. ఆల్ట్రూయిస్ట్ వెనక ఉన్న లాటిన్ ‘ఆల్టర్’కు ‘మరొకటి’ అని అర్థం. దాని నుంచే ఆల్టర్నేటివ్, ఆల్టరేషన్, ఆల్టర్కేషన్ వచ్చాయి. ఒకరు ఒకటంటే ఇంకొకరు మరొకటి అనడమే కదా తగవు! కాస్త అంతర్ముఖుడూ కాస్త బహిర్ముఖుడూ అయిన అంబివర్ట్‌లోని ‘అంబి’ అంటే రెండు వైపులా అని. దాన్ని పట్టుకుని అంబిడెక్స్‌ట్రస్‌కు తీసుకెళ్తాడు. అంటే రెండు చేతులూ కుడిచేతులే అయినవాడు, మన సవ్యసాచి. స్త్రీలంటే గిట్టని మిసోజినిస్ట్‌లో ‘స్త్రీ’ అనే అర్థమున్న గ్రీకు ముక్కను పరిచయం చేసి, డాక్టర్ల పాఠంలో గైనకాలజిస్ట్ దగ్గర మళ్లీ ఎదురుపెడతాడు. పాత చుట్టం తారసపడ్డట్టు ఉంటుంది.

కొండగుర్తు పెట్టుకుంటే ఒక్క మాట గుర్తుంటుంది. మూలం తెలిస్తే, ఇదివరకు చూడని మాట ఎదురైనా ఊహించగలుగుతాం. తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. ఒకే ‘హృ’ ధాతువుకు ఉపసర్గలు చేరి ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, ఉపహారం అయ్యాయని బడిలో వ్యాకరణం చెప్పిన మాస్టారు నేర్పిందే.

అయితే మూలం మాట పుట్టుకనే చెబుతుంది, నేటి వాడుకను చెప్పదు. లాటిన్‌లో ‘ఎడమ’ అయిన సినిస్టర్ ఇప్పుడు కీడు తలపెట్టే దానికి చెల్లుతోంది. లూయిస్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ప్రతి మాటనూ ముందు పైకి పలికిస్తాడు, తర్వాత అర్థంతో జతపరచమంటాడు, అవునో కాదో అడుగుతాడు, చివరికి అర్థమూ మొదటి అక్షరమూ మాత్రమే ఇచ్చి మాటను మనచేతే రాయిస్తాడు. ఒకే మాటను ఇన్ని రకాలుగా తిప్పి అడుగుతున్నా విసుగు పుట్టనివ్వకపోవడం గొప్ప ఉపాధ్యాయుడికే చేతనవుతుంది.

ఈ పుస్తకాన్ని నవలలా చదివితే ఫలితం సగమే. పెన్సిలు పట్టుకుని, జవాబులు మూసిపెట్టి, రోజుకో పాఠం చొప్పున పూర్తిచేయాలి. బట్టీ పట్టి అలసిపోయిన విద్యార్థికి ఇంతకన్నా మంచి తోడు నాకు తెలియదు.