తెగిన పోగుల వెలుగు

మధ్య అమెరికా అరటితోటల్లో తిరిగే పెద్ద సాలెపురుగు కుపియెన్నియస్ సలీ. పేరుకు సాలెపురుగే గానీ వేటకు వల అల్లదు, మాటు వేసి దూకుతుంది. దాని పిండం ఎదగడం చూస్తుంటే ఊపిరి బిగబట్టాల్సిందే. సొన మీద పట్టీలా పరుచుకున్న శరీరం నడిమిగీత వెంట రెండుగా విడిపోతుంది. ఆ రెండు సగాలూ సొన చుట్టూ చెరోపక్కకు జరుగుతాయి. తర్వాత వీపు మూసుకుంటుంది, పొట్ట కలుస్తుంది. ఆ సగాలు జరిగేటప్పుడూ, వీపు మూసుకునేటప్పుడూ, నాడీమండలం రూపుదిద్దుకునేటప్పుడూ కొన్ని కణాలు తమంతట తామే చనిపోతాయని పరిశోధకులు ప్ర్పిచ్, డామెన్ 2005లో చూపించారు.

ఆ చావు కంటికి కనబడే తీరే నన్ను కట్టిపడేసింది. చావబోయే కణం తన డీఎన్ఏను ముక్కలు చేసుకుంటుంది. తెగిన ప్రతి పోగుకూ ఒక కొస ఉంటుంది. 1992లో వచ్చిన టనెల్ పద్ధతి ఆ కొసలనే పట్టుకుంటుంది. టెర్మినల్ ట్రాన్స్‌ఫరేస్ అనే ఎంజైము, చూసి రాయడానికి మూలప్రతి ఏదీ లేకుండానే, దొరికిన కొసకు గుర్తువేసిన డీఎన్ఏ అక్షరాలను అతికించుకుంటూ పోతుంది, ఆ గుర్తే వెలిగే చుక్కగా కనిపిస్తుంది. సహజంగా దాని కొలువు మన రక్షక కణాల్లో, కొత్త కొత్త రోగాలను గుర్తుపట్టే వైవిధ్యాన్ని పెంచడం. అలాంటిది ఇక్కడ చావుకు దీపం పడుతోంది! శోకం స్థాయీభావం కావలసిన చోట విస్మయం వచ్చి కూర్చుంటుంది.

ఆ చుక్కలను ఒంటరిగా చూస్తే రసం అందదు. పక్కన మరో రెండు పిండాలుండాలి. కావాలని డీఎన్ఏను కోసేసినది ఒళ్లంతా వెలుగుతుంది. ఎంజైము వేయనిది చీకటిగా ఉండాలి, సొన తనకు తానే కాస్త మెరిసి కంటిని మోసం చేసినా సరే. ఆ నిండు వెలుగుకూ ఈ చీకటికీ నడుమనే చుక్కలకు అర్థం. అయినా పూర్తిగా నమ్మలేం. గాయపడి చచ్చిన కణంలోనూ తెగిన కొసలుంటాయి, అదీ వెలుగుతుంది. అందుకే కణం ముడుచుకున్న తీరును కూడా చూసి తీర్పు చెప్పేవాడే నా లెక్కలో అసలైన రసికుడు.

చచ్చిన కణాన్ని ఇతర కణాలు త్వరగానే మింగేస్తాయి. సూక్ష్మదర్శిని బొమ్మలో వెలిగేవి ఆ కాసేపట్లో దొరికినవి మాత్రమే. కొన్ని గంటలు పెద్దదైన మరో పిండాన్ని తీసి చూడండి, చుక్కలు వేరే చోట ఉంటాయి.