పులి–మేక: గీతల్లోని పనితనం

కర్నూలు, కడప పల్లెల్లో పులి–మేక ఆడాలంటే చదునైన బండ, సుద్దముక్క ఉంటే చాలు. బేతంచెర్ల వైపైనా ఎర్రగుంట్ల వైపైనా నాపరాతికి కొదవ లేదు గనుక ఇంటి అరుగే పలక అవుతుంది. పులులకు 3 గులకరాళ్లు, మేకలకు 15 చింతగింజలు. ఆడేది ఇద్దరే, సలహాలు మాత్రం చుట్టూ చేరిన అందరివీ. వాటిలో ఎక్కువగా వినిపించే కేక ఒకటుంది: "పులిని మూలకు తోలు రా!" ఆ కేకలో ఎంత యుద్ధనీతి ఉందో గీతల్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

పైన ఒక కొన. అక్కణ్నుంచి నాలుగు గీతలు విచ్చుకుంటూ అడుగు గీత దాకా దిగుతాయి. వాటికి అడ్డంగా ఒక దీర్ఘచతురస్రం, దాని నడుమ ఇంకో అడ్డగీత. కొన 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23 కూడళ్లు.

కొన మీద ఒక పులి, మొదటి అడ్డగీత నడిమి కూడళ్లలో రెండు పులులు కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలరాదు. పులికి ఆ కట్టడి లేదు. పక్కనున్న మేక అవతలి కూడలి ఖాళీగా ఉంటే, అదే గీత వెంట దూకి దాన్ని తినేస్తుంది. పులులన్నీ కదలలేని స్థితి వస్తే మేకలు గెలిచినట్టు. పాచికల ఊసే లేదు.

ఇప్పుడు మూలలు చూడండి. దీర్ఘచతురస్రానికి నాలుగు, అడుగు గీతకు రెండు. గీతలు అక్కడితో ఆగిపోతాయి. దూకడానికి అవతల చోటే లేదు గనుక అక్కడ కూర్చున్న మేకను ఏ పులీ తినలేదు. అదే మూలలో పులి చిక్కితే? బయటికి రెండే దారులు. ఒక్కో దారిలో రెండేసి మేకలు, అంటే నాలుగు మేకలు నిలబడితే పులి పని అయిపోతుంది. కొన మీది పులిని కట్టెయ్యాలంటే మాత్రం నాలుగు దారుల్లో రెండేసి చొప్పున ఎనిమిది మేకలు కావాలి. మూడు పులుల్నీ మూలలకు తోలితే పన్నెండు మేకలు చాలు, ఇంకా మూడు మిగులుతాయి. మేకను కాచే మూలే పులిని బంధిస్తుంది! బలంలో ఇంత తేడా ఉన్న రెండు పక్షాలను కొద్దిపాటి గీతలతో సమానం చేసిన ఆ పేరు తెలియని మనిషి తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

యుద్ధాన్ని ఆటగా ఆడాలనే కోరిక ఐరోపాలో వేరే దారి పట్టింది. నెపోలియన్ యుద్ధాలు చూసిన ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికాధికారి 1824లో పటాల మీద యుద్ధమాడే నియమాల పుస్తకం అచ్చు వేయించాడు. నష్టాలు లెక్కగట్టడానికి పాచికలు, తీర్పు చెప్పడానికి మధ్యవర్తి. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిలతో ఆడే యుద్ధానికి నియమాలు రాశాడు. ఆ సిపాయిల కోటు గుండీలకు కూడా ఓపిగ్గా రంగులద్దే ఆటగాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. ఆ శ్రద్ధను నేను గౌరవిస్తాను. అయితే మన ఆటలో పనితనమంతా గీతల అల్లికలోనే ఉంది. హంపీ మండపాల నేలమీద ఉలితో చెక్కిన ఆటపలకలున్నాయి. అంత తీరుగా లేకపోయినా ఫర్వాలేదు, చిన్నపిల్ల వంకరగా గీసినా కూడళ్లు కుదిరితే ఆట అణువంతైనా మారదు.

ఒక్క మేకా పోకుండా పదిహేనూ దిగాయనుకుందాం. 23లో 18 నిండి, ఖాళీ కూడళ్లు ఐదే మిగులుతాయి. చేయి తిరిగిన ఆటగాడు చివరి మేకను దింపేముందు చాలాసేపు ఆగేది ఇక్కడే. ఆ తర్వాత ప్రతి వంతుకూ ఏదో ఒక మేకను కదపక తప్పదు, కదిపిన చోట ఇంకో మేక వెనక సందు పడుతుంది.