మీటరు కన్నా ముందు సిస్టర్ చూపు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి. ఈ పట్టీలో ఫ్యాక్టరీలు మూడు షిఫ్టులు నడుస్తాయి. ఆసుపత్రి క్యాజువాలిటీకీ రాత్రీ పగలూ ఒక్కటే. రియాక్టర్ ఆవిరి తగిలినవాడు, ప్రెస్సు కింద వేలు నలిగినవాడు, పురుగుమందుల యూనిట్‌లో కళ్లు తిరిగి పడ్డవాడు, అందరూ ముందు పడేది సిస్టరమ్మ కంటనే. డాక్టర్ వచ్చేలోపు ఆమె ఏం గమనించింది, ఏం అడిగింది, ఏది సిద్ధం చేసింది అన్నదాని మీదే చాలా ప్రాణాలు నిలుస్తున్నాయి. సర్జన్ల గొప్పతనం మీద పేజీలకు పేజీలు రాసే మన పత్రికలు ఈ విద్యకు నాలుగు వాక్యాలు కూడా కేటాయించవు.

నర్సింగ్ చదువు మిషన్ ఆసుపత్రుల వెంట మన పల్లెలకు వచ్చిందని పెద్దలు చెబుతారు. నైటింగేల్ 1860లో లండన్‌లో బడి పెట్టిన సంగతి అందరికీ తెలిసిందే. 1984లో పాట్రీషియా బెన్నర్ అనే అమెరికా నర్సు, కొత్త నర్సు నియమం చూసుకుని నడుస్తుందని, ఆరితేరిన నర్సు రోగిని చూడగానే సంగతి పట్టేస్తుందని పుస్తకం రాసింది. మన వార్డుల్లో పాతతరం సిస్టర్లు పుస్తకంతో పని లేకుండా చేస్తున్నది అదే.

ఊపిరి లెక్క పెట్టడమే చూడండి. లెక్కిస్తున్నారని తెలిస్తే రోగి ఊపిరి మారిపోతుంది. అందుకే తెలిసిన సిస్టర్ నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంచి నిండా ఒక నిమిషం లెక్కిస్తుంది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 28 వచ్చిందంటే, బీపీ బాగున్నా సరే, ఆమె ఆ మంచం వదలదు. పొగలో చిక్కుకుని వచ్చినవాడికి వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు 98 చూపించినా నమ్మదు. కార్బన్ మోనాక్సైడ్ ఆ మీటరును మోసం చేస్తుందని ఆమెకు తెలుసు. ముక్కులో వెంట్రుకలు కమిలాయా, ఉమ్మిలో మసి ఉందా, గొంతు బొంగురుపోయిందా అని చూస్తుంది. గొంతు మారిందంటే లోపల వాపు మొదలైనట్టే. వెంటనే డాక్టర్‌ని పిలిచి, గొట్టం వేయడానికి ట్రే సిద్ధం చేస్తుంది.

2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు పోయారు. అలాంటి రోజున కాలిన గాయాల లెక్క ఎంత ముఖ్యమో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. ఒంటి మీద తల 9 శాతం, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, మొండెం ముందు వైపు 18, వీపు 18, మర్మస్థానం 1. అరవై కిలోల మనిషికి 30 శాతం కాలిందనుకుందాం. పార్క్‌ల్యాండ్ సూత్రం ప్రకారం నరంలోకి ఎక్కించాల్సిన ద్రవం కిలోకు, శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున మొత్తం 7,200. అందులో సగం మొదటి 8 గంటల్లోనే వెళ్లాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి మొదలవుతాయి. రెండు గంటలు దారిలోనే పోతే మిగిలిన ఆరింట్లో గంటకు 600 ఎక్కాలి. అందుకే మంచి సిస్టర్ తీసుకొచ్చినవాళ్లను మొదట అడిగేది “ఎన్ని గంటలకు కాలింది?” అనే. గంట గంటకూ మూత్రం కొలుస్తుంది. 30 మిల్లీలీటర్లకు తగ్గితే డాక్టర్‌కు కబురు వెళ్తుంది. సూత్రం డాక్టర్ రాస్తాడు, దాన్ని బతికించేది ఆమె.

ఆపరేషన్‌కు సిద్ధం చేయడంలోనూ ఇదే నేర్పు. “ఏమన్నా తిన్నావా?” అంటే బిహార్ కుర్రాడైనా, జోగిపేట అన్న అయినా “లేదు” అంటాడు. చాయ్ వాళ్ల లెక్కలో తిండి కాదు. మత్తు డాక్టర్‌కు మాత్రం పాల చాయ్ తిండి కిందే లెక్క, ఆరు గంటలు ఆగాలి. అందుకే తెలిసిన సిస్టర్ “భయ్యా, చాయ్ కబ్ పియా?” అని అడుగుతుంది. తర్వాత నోరు తెరిపించి బుగ్గలో ఖైనీ ఉందేమో చూస్తుంది. ఆ చాయ్ ప్రశ్న ఒక్కదానికే నేను దండం పెడతాను.

ఇక రోగికి నేర్పడం. ఇన్సులిన్ గురించి పది నిమిషాలు చెప్పి “అర్థమైందా?” అంటే తల ఊపనివాడు లేడు. దిట్ట అయిన సిస్టర్ “ఇప్పుడు నువ్వు చేసి చూపించన్నా” అంటుంది. తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించాడా, సూది గుచ్చాక పది లెక్కపెట్టాడా, చూస్తుంది. గదిలో ఫ్రిజ్ లేకపోతే మట్టికుండ మార్గం చెబుతుంది. బాయిలర్ దగ్గర పనిచేసేవాడికైతే ఇంకో మాట చెబుతుంది: “చెమట పడితే బాయిలర్ వేడికే అనుకోకు. షుగర్ పడిపోయినా చెమటే పడుతుంది. జేబులో చక్కెర పొట్లం పెట్టుకో.” వాడి పని తెలుసుకుని చెప్పిన ఈ మాట ఏ కరపత్రంలోనూ దొరకదు.

ఇంత గొప్ప విద్యకు ఇప్పుడు నకిలీ సరుకు వచ్చి పడింది. పదో తరగతి చదివిన పిల్లకు నెల రోజులు సూది వేయడం నేర్పి, యూనిఫాం తొడిగి, సిస్టర్ అని పిలిపిస్తున్న నర్సింగ్‌హోంలు ఉన్నాయి. తప్పు ఆ పిల్లది కాదు, తక్కువ జీతానికి ప్రాణాలతో ఆడుకునే యజమానులది. ముప్పై మంచాల చార్టుల్లోనూ ఊపిరి 20 అనే రాసి ఉంటే అక్కడ ఎవరూ ఎవరినీ చూడలేదని అర్థం. కంప్యూటర్‌లో టిక్కులు పెట్టించి దాన్నే నాణ్యత అనే కార్పొరేట్ పద్ధతి మీద నాకు గౌరవం లేదు. నేను ప్రభుత్వ వార్డుల్లో, ఈఎస్‌ఐలో రాటుదేలిన, జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివిన సిస్టర్ల పక్షం. ఆ మాట దాచుకోను.

500 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో నర్సింగ్ సిబ్బందితో అంబులెన్స్ గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ చెప్పింది. ఆ గదిలో కూర్చున్నది చదివిన నర్సో కాదో కార్మిక సంఘాలు వెళ్లి అడగాలి. సర్కారు ఖాళీ పోస్టులు నింపాలి. సంగారెడ్డి వైద్య కళాశాల వార్డుల్లో కొత్త పిల్లలను పాత సిస్టర్ల పక్కన నిలబెట్టాలి. వాళ్లు రిటైరయ్యేలోపే ఆ చూపు చేతులు మారాలి.