కోరింగ మడ అడవి సందర్శక కేంద్రం: ప్రదర్శనలను తిరిగి రూపొందించడంపై ఒక విమర్శ

ఈ భాగంలో మనం అడవి గేటు దగ్గర ఉండే సందర్శక కేంద్రాన్ని విమర్శకుల దృష్టితో చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సముద్రతీరంలో జాతీయ ఉద్యానవనం లేదు. అందుకు దగ్గరగా నిలిచేది కాకినాడ పక్కన 1978లో ఏర్పడిన కోరింగ వన్యప్రాణుల అభయారణ్యం. వేంసూరులో ఉండి చదువుతున్న మీకు అది దూరమే. కాని భద్రాచలం రేవులో మీరు చూసిన గోదావరి నీరే ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలి, గౌతమి వెంట వెళ్ళి ఆ మడ అడవిని తడుపుతుంది.

మన అటవీ సందర్శక కేంద్రాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. గోడల మీద ఫోటోలు, వాటి కింద శాస్త్రీయ నామాలు, మధ్యలో ఒక ఫైబర్ జంతువు, పక్కన విస్తీర్ణం. కోరింగ విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లని చదివి బయటకు వచ్చినవారికి ఏం తెలిసినట్టు? అమెరికాలో జాతీయ ఉద్యానవనాల కోసం ఫ్రీమన్ టిల్డెన్ 1957లో వెలువరించిన పుస్తకం ఈ తేడానే పట్టి చూపింది: సమాచారం వేరు, వ్యాఖ్యానం వేరు. చూసేవారి అనుభవంతో ముడిపడనిది వారి మనసులో నిలవదని ఆయన వాదన.

కోరింగలో బావురుపిల్లి ఉంది. సాధారణంగా రాత్రివేళ తిరిగే జంతువు అది. పగలు చెక్కవంతెన మీద నడిచి వెళ్ళే కుటుంబానికి అది కనబడే అవకాశం చాలా తక్కువ. అయినా ఇలాంటి చోట్ల బొమ్మకు ముందుగా నోచుకునేది అదే. బురదలో గెంతే చేప, ఒక కాలు పెద్ద పటకారులా ఉన్న పీత మాత్రం సందర్శకుల కాళ్ళ కిందే తిరుగుతుంటాయి. వాటిని ఎలా చూడాలో చెప్పేవారుండరు. లోపల చూపించినది బయట కనబడకపోతే పిల్లలు ‘ఇక్కడ ఏమీ లేదు’ అనుకుంటూ ఇంటికి వెళ్తారు. నా దృష్టిలో ఇదే అసలు నష్టం.

మడచెట్ల శ్వాసవేర్ల విషయం చూడండి. ఉప్పుబురదలో గాలి అందదు కాబట్టి ఆ వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. పాటు సమయంలో వెళితే వేలకొద్దీ కనబడతాయి. పోటు మీద ఉన్నప్పుడు వెళితే నీళ్ళే. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, మరుసటి రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఎప్పటికీ మారని రంగుల బోర్డు ఈ అడవికి ఎలా సరిపోతుంది? గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టి, ఈరోజు పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో సుద్దముక్కతో రాస్తే చాలు. అది ఖరీదైన టచ్‌స్క్రీన్ కంటే ఎక్కువ చెబుతుంది. (ఉప్పుగాలికి తెర ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న.)

ఇక పేర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల అనే మాటలు చిన్న అక్షరాలలోనూ, లాటిన్ నామం పెద్ద అక్షరాలలోనూ ఉంటే ఆ బోర్డు ఎవరి కోసం? తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పాయల్లో తిరిగే వేటగాడికి ఆ చెట్టుతో జాగ్రత్తగా మెలగడం తెలుసు. ఆ ఒక్క సంగతి రాసి ఉంటే సందర్శకులు ఆ చెట్టును జన్మలో మరిచిపోరు.

అన్నిటికన్నా పెద్ద లోపం మనుషులను మినహాయించడం. కోరింగ ఒకప్పుడు ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, దానితో పాటు విరుచుకుపడ్డ ఉప్పెన ఆ పట్టణాన్ని తుడిచిపెట్టాయి. ఈ తీరం నుంచి బర్మాకు వలసవెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ ‘కొరంగీలు’ అనేవారు. ఒక రేవు పేరు ఒక జనానికి పేరయింది. అడవిని మనుషులు లేని చోటుగా చూపిస్తే, తరతరాలుగా ఆ పాయల్లో వలవేసి బతికేవారు చొరబాటుదారుల్లా కనబడతారు. వారికి ఏ హక్కులుండాలన్న చర్చలో సందర్శకులు ముందే ఒక పక్షం వహించేస్తారు. తీరానికి చేరే ఒండ్రు తగ్గడానికి ఎగువన కట్టిన జలాశయాలు కూడా ఒక కారణం. ఆ మాట రాయకుండా తీరం కోతకు గురవుతోందని మాత్రమే రాస్తే సగం చెప్పినట్టే.

‘జనం బోర్డులు చదవరు, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు’ అని నిర్వాహకులు అనవచ్చు. అందులో నిజం లేకపోలేదు. అయితే చదవదగినది పెట్టి చూశాకే ఆ మాట అనాలి. పాత ఫైబర్ బొమ్మను తీసి కొత్తది పెట్టడం మరమ్మతు అవుతుంది, పునర్‌రూపకల్పన కాదు. బోర్డుల పాఠం ఖరారు చేసే ముందు వేటగాళ్ళను, పీతలు పట్టే స్త్రీలను కూర్చోబెట్టి చదివి వినిపించాలి.

అభ్యాసం: పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యంలో గాని, మీకు వీలైన మరో చోట గాని ఏదైనా ఒక సమాచార బోర్డును ఎంచుకోండి. దాని పాఠాన్ని ఉన్నదున్నట్టు రాసుకుని, 60 పదాలకు మించకుండా మీ మాటల్లో తిరిగి రాయండి. ఆ ఊరివారిలో ఒకరికి దాన్ని చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలను పక్కన నమోదు చేయండి.